ఆ సినిమాని ఆపింది సెన్సార్ బోర్డు కాదు

మళ్లీ అదే గొడవ మొదలైంది. నిజంగా జరిగిన హత్యల మీద డెబ్భైల్లో చిన్న బడ్జెట్‌లో తీసిన బ్రిటిష్ క్రైమ్ సినిమాల్ని శుభ్రం చేసి, కొత్త కవర్లేసి బ్లూరేలుగా అమ్మడమేంటి, చనిపోయినవాళ్ల తోబుట్టువులకి ఎలా ఉంటుంది అని. ఈ మాట లేచినప్పుడల్లా అందరూ ముందు వేలు చూపించేది 1977లో వచ్చిన ది బ్లాక్ పాంథర్ వైపే. (సూపర్‌హీరో సినిమా కాదు, ఇది ఇయాన్ మెరిక్ డైరెక్ట్ చేసిన ఇంగ్లండ్ సినిమా.) ఆ రోజుల్లోనే బ్యాన్ చేసారు కదా, ఇప్పుడు మళ్లీ తవ్వి తీయడమెందుకు అని చాలామంది రాస్తున్నారు. అసలు బ్యాన్ చేసింది ఎవరు, ఎందుకు చేసారు అనేది మాత్రం ఎవరూ చెప్పట్లేదు, అందుకే ఇది రాస్తున్నా.

ఈ సినిమా ఎవడి మీద తీసారో ఆ డోనాల్డ్ నీల్సన్ ఎవడో ఏంటో మొదట్నుంచి చెప్పుకుంటూ కూర్చోను, క్రైమ్ కథలు చదివేవాళ్లకి తెలిసిందే. బ్రాడ్‌ఫర్డ్‌లో ఉండేవాడు, 1974లో పోస్టాఫీసుల్లో దొంగతనాలకెళ్లి ముగ్గురిని కాల్చి చంపాడు, 1975 జనవరి 14 తెల్లవారుజామున ష్రాప్‌షైర్‌లోని హైలీ అనే ఊళ్లో లెస్లీ విటిల్ అనే 17 ఏళ్ల అమ్మాయిని ఇంట్లోంచే ఎత్తుకుపోయాడు. మార్చి 7న కిడ్స్‌గ్రోవ్‌లోని బాత్‌పూల్ పార్కులో, డ్రైనేజీ షాఫ్ట్‌లో ఆ పిల్ల శవం దొరికింది. డిసెంబర్లో వాడు పట్టుబడ్డాడు, 1976 జులైలో ఆక్స్‌ఫర్డ్‌లో శిక్ష పడింది.

ఈ గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది హత్యల్ని కాదు, ఆ అమ్మాయి కనబడకుండా పోయిన తర్వాతి మూడు రాత్రుల్ని.

ఇంట్లో వాడు వదిలేసి వెళ్లిన ఉత్తరం మామూలు కాగితం కాదు. డైమో టేప్ అని ఉండేది చూడండి, ఒక్కో అక్షరం నొక్కుతూ ప్లాస్టిక్ పట్టీ మీద ఉబ్బెత్తుగా అచ్చేసుకునేది, ఆ పట్టీల మీద రాసి పెట్టాడు. 50,000 పౌండ్లు సిద్ధం చేయండి, కిడర్‌మిన్‌స్టర్‌లో స్వాన్ షాపింగ్ సెంటర్ దగ్గరున్న ఫోన్ బూత్‌లో సాయంత్రం 6 నుంచి రాత్రి 1 దాకా ఫోన్ కోసం చూడండి, పోలీసులకి చెప్తే చంపేస్తా అని. ఆ రాత్రే లెస్లీ అన్న రోనాల్డ్ డబ్బుతో వెళ్లి బూత్‌లో నిలబడ్డాడు. ఈలోగా ఒక ఫ్రీలాన్స్ జర్నలిస్టు ద్వారా విషయం పొక్కింది, కిడ్నాప్ వార్త బయటికొచ్చేసింది, ఇక లాభం లేదని పోలీసులు రోనాల్డ్‌ని అక్కడ్నుంచి వెనక్కి తీసుకొచ్చేసారు. అంటే ఫోన్ చేస్తానని వాడు చెప్పిన టైమ్ ఇంకా మిగిలుండగానే బూత్ దగ్గర మనిషి లేకుండా పోయాడు.

రెండో రాత్రి నీల్సన్ డడ్లీలోని గూడ్స్ డిపో దగ్గర జెరాల్డ్ స్మిత్ అనే ఉద్యోగిని కాల్చాడు. మూడో రాత్రి లెస్లీ గొంతు రికార్డ్ చేసి ఫోన్లో వినిపించాడు. రోనాల్డ్ బయల్దేరాడు గానీ దారి తప్పి బాత్‌పూల్ పార్కుకి చాలా లేటుగా చేరాడు, అక్కడ నీల్సన్ టార్చితో ఇవ్వాల్సిన సిగ్నల్ అతనికి కనబడలేదు. డబ్బున్న సూట్‌కేస్‌ని గుంతలో వెయ్యమని రాసున్న టేప్ ముక్క ఒకటి ఆ పార్కులోనే స్కూలు పిల్లలకి దొరికింది, కానీ అది పోలీసుల చేతికి వచ్చింది మార్చిలో, ఈ కేసు మీద టీవీలో ప్రోగ్రామ్ వచ్చాక. అప్పుడు గానీ పార్కుని పూర్తిగా వెతకలేదు. ఇదంతా తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది, ఎక్కడో ఒక చోట ఒక్కటి సరిగ్గా జరిగున్నా ఆ పిల్ల బతికుండేదేమో అనిపిస్తుంది.

మెరిక్ సినిమాలో ఇవన్నీ ఉన్నాయి. వార్త పొక్కడం ఉంది, పోలీసుల తడబాటు ఉంది, ఎవర్నీ వెనకేసుకురాలేదు. స్క్రిప్ట్ రాసింది మైకేల్ ఆర్మ్‌స్ట్రాంగ్. అంతకుముందు ఆయన రక్తం బాగా పారించే హారర్ సినిమా తీసినవాడు కాబట్టి ఇది కూడా అలాగే ఉంటుందని జనం అనుకున్నారు, అందులో తప్పేం లేదు. చూస్తే మాత్రం కేసు రిపోర్ట్ చదువుతున్నట్టు పొడిపొడిగా ఉంటుంది, తేదీ తర్వాత తేదీ, ఊరు తర్వాత ఊరు. నీల్సన్‌గా వేసిన డోనాల్డ్ సంప్టర్ (గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో మేస్టర్ లూవిన్ ఈయనే) చాలా సీన్లలో నోరే విప్పడు. అడవిలో మిలటరీ బట్టలేసుకుని తిరుగుతాడు, ఇంటికొచ్చి పెళ్లాం పిల్ల మీద అరుస్తాడు, మళ్లీ ఒక్కడే గదిలోకెళ్లి మ్యాపులు ముందేసుకుంటాడు. హీరోలా ఒక్క షాట్‌లో కూడా కనబడడు, దొంగతనం కూడా సరిగ్గా చేతకాక కంగారులో ట్రిగ్గర్ నొక్కే మనిషిలాగే కనిపిస్తాడు. లెస్లీగా వేసిన డెబీ ఫారింగ్టన్ మీద కెమెరా ఎక్కడా చొంగ కార్చదు.

బ్రిటిష్ సెన్సార్ బోర్డు ఈ సినిమాకి ఎక్స్ సర్టిఫికెట్ (అంటే పెద్దలకి మాత్రమే) ఇచ్చి పంపింది. కాబట్టి బోర్డు ఆపింది అనే మాట తప్పు. ఆగింది వేరే చోట. రిలీజ్ టైమ్‌లో బీబీసీ టునైట్ ప్రోగ్రామ్‌లో యాంకర్ సూ లాలీ మెరిక్‌ని కూర్చోబెట్టి గట్టిగా నిలదీసారు, పేపర్లు అందుకున్నాయి, ఆ తర్వాత లోకల్ కౌన్సిళ్లు ఒక్కొక్కటే మా ఊళ్లో వద్దు అన్నాయి. బ్రిటన్‌లో సినిమా హాలుకి లైసెన్స్ ఇచ్చేది కౌన్సిలే, 1909 చట్టం నుంచీ అంతే, బోర్డు ఓకే అన్నా కౌన్సిల్ కాదంటే హాల్లో బొమ్మ పడదు. పెద్ద కంపెనీ సినిమా అయితే లాయర్లని పెట్టుకుని ఊరూరా కొట్లాడేది, ఇది చిన్న సినిమా, అక్కడితో దాని కథ అయిపోయింది.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. వార్త పొక్కించి ఆ అమ్మాయిని విడిపించే ప్రయత్నాన్ని దెబ్బతీసింది మీడియా, ఆ సంగతి తెర మీద చూపించిన సినిమాని నీచమైనదని ముద్రేసిందీ మీడియానే. నీల్సన్‌కి బ్లాక్ పాంథర్ అనే పేరు కూడా మెరిక్ కనిపెట్టింది కాదు, 1974లో పోస్ట్‌మాస్టర్ డెరెక్ ఆస్టిన్ హత్య తర్వాత ప్రెస్ తగిలించిందే.

అవతలి వాదనలో న్యాయం లేదని అనను. తీర్పొచ్చిన మరుసటి ఏడాదే సినిమా వచ్చేసింది, లెస్లీ తల్లికి పుండు ఇంకా పచ్చిగానే ఉండుంటుంది. జాన్ క్రిస్టీ అనే బ్రిటిష్ సీరియల్ కిల్లర్ చేసిన హత్యల మీద సినిమా తీసినప్పుడు అతన్ని ఉరితీసి 18 ఏళ్లయింది, ఇక్కడ ఆ ఎడం ఏదీ? రెండేళ్లో మూడేళ్లో ఆగాల్సింది అంటే ఒప్పుకుంటా. పేరు విషయంలో కూడా, 2023లో ఐటీవీ వాళ్లు యార్క్‌షైర్ రిప్పర్ అని పేరుపడ్డ హంతకుడి కేసు మీద తీసిన సీరీస్‌కి బాధితుల కుటుంబాలు అడిగితే ఆ పేరు తీసేసి ది లాంగ్ షాడో అని పెట్టారు, మంచి పని చేసారు.

వీడియోల కాలం వచ్చాక సీన్ మారింది. మొదట్లో క్యాసెట్లకి సర్టిఫికెట్టే అక్కర్లేదు, ఏదైనా షాపులో పెట్టి అద్దెకిచ్చేవాళ్లు. దాని మీద పేపర్లు మళ్లీ గోల చేస్తే 1984లో వీడియో రికార్డింగ్స్ చట్టం తెచ్చారు, ఇక ప్రతి క్యాసెట్టూ బోర్డుకెళ్లాలి, ఫీజేమో నిడివిని బట్టి. నాలుగు కాపీలు కూడా అమ్ముడవ్వని సినిమాకి ఆ ఫీజు ఎవరు కడతారు? అందుకే ఇలాంటి సినిమాలు చాలా వరకు షాపుల్లోంచి చప్పుడు లేకుండా మాయమైపోయాయి. అయితే ఇదే చట్టంతో ఇంకోటి కూడా జరిగింది, ఇంట్లో చూసే వీడియోకి దేశం మొత్తానికీ ఒకే సర్టిఫికెట్, కౌన్సిల్‌కి అందులో చెయ్యి పెట్టే అధికారం లేదు. 1977లో ఊరికో తాళం వేసిన సినిమా డిస్కు మీద రాగలిగింది ఈ దారినే.

బీఎఫ్ఐ (బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) వాళ్లు 2009లో ఫ్లిప్‌సైడ్ అని ఒక డిస్కుల లేబుల్ పెట్టారు, ఎవరూ పట్టించుకోని బ్రిటిష్ సినిమాల కోసం. పీట్ వాకర్ తీసిన మ్యాన్ ఆఫ్ వయొలెన్స్ లాంటి చవక క్రైమ్ సినిమా కూడా అందులో వచ్చింది. 2011 ఆగస్టు 8 రాత్రి లండన్ అల్లర్లలో ఎన్‌ఫీల్డ్‌లోని సోనీ గోడౌన్ తగలబడిపోతే వాళ్ల డిస్కుల స్టాక్ కూడా కాలిపోయింది. అయినా ఆపలేదు, ఏడాది తిరక్కుండా 2012లో ది బ్లాక్ పాంథర్ తెచ్చారు. నీల్సన్ 2011 డిసెంబర్లో జైలుశిక్షలో ఉండగానే చచ్చాడు కాబట్టి దాని వల్ల వాడికి ఒరిగిందేం లేదు.

ఇప్పుడు డిస్కు వెనక్కి తీసుకోమంటున్నవాళ్లలో ఎంతమంది సినిమా చూసారో తెలీదు గానీ, చూడనివాళ్లకి నాదొక్కటే రిక్వెస్ట్. కిడర్‌మిన్‌స్టర్ ఫోన్ బూత్ దగ్గర్నుంచి బాత్‌పూల్ పార్కు దాకా ఉన్న భాగం పూర్తిగా చూడండి. కవర్ మీద పేరు మార్చమనండి, ముందు లెస్లీ గురించి రెండు మాటలు పెట్టమనండి, నేనూ మీతో పాటే అడుగుతా. ఆ భాగాన్ని మాత్రం మళ్లీ కనబడకుండా చెయ్యమని అడగకండి.