బెల్టు రంగు మారినా చెయ్యి విడిపించుకోవడం అదే: కరాటే మీద కొన్ని అపోహలు

అమలాపురం పక్కన పిల్లలకి కరాటే నేర్పుతుంటాను. గ్రేడింగ్ (బెల్టు పరీక్ష) అయిన ప్రతిసారీ ఎవరో ఒక తల్లో తండ్రో వచ్చి అడుగుతారు: “మాస్టారండీ, ఆరెంజ్ బెల్ట్ వచ్చి ఆరు నెలలైంది, ఇంకా ఆ చెయ్యి విడిపించుకోవడమేనా అండీ?” ఫీజు కట్టేవాళ్ళు అడగడంలో తప్పులేదు. జవాబే కాస్త పొడుగు.

అపోహ: పై బెల్టుకి వెళ్ళేకొద్దీ కొత్త టెక్నిక్‌లు చెబుతారు.

వాస్తవం: కటాలు (ఒక వరసలో ఒంటరిగా చేసే కదలికలు) పెరుగుతాయి. ఆత్మరక్షణకి అక్కరకొచ్చేవి మాత్రం మొదట్లో చెప్పేసిన ఆ ఐదారే. మారేది వాటిని చేసే తీరు. ఎవరైనా మణికట్టు పట్టుకుంటే నాలుగు వేళ్ళు ఒకవైపు, బొటనవేలు ఒక్కటే ఇంకోవైపు ఉంటాయి. ఆ సందే పట్టులో బలహీనమైన చోటు. కొత్తగా చేరిన వైట్ బెల్ట్ పిల్లాడికి ఇది చెప్పినా భుజం బిగించి వెనక్కే లాగుతాడు. గ్రీన్ బెల్ట్ నాటికి మణికట్టు సన్నవైపుని ఆ సందుకి తిప్పి, తన మోచేతిని అవతలివాడి మోచేతి వైపు నెడతాడు. అంటే వెనక్కి పోయేవాడు కాస్తా ముందుకి వస్తాడు. బ్లాక్‌కి ముందున్న బ్రౌన్ బెల్ట్ వాళ్ళకైతే చెయ్యి కదిలినట్టే ఉండదు. కాలు పక్కకి పడుతుంది, నడుము తిరుగుతుంది, చెయ్యి వాటి వెంట వచ్చేస్తుంది.

మా వైపు కొబ్బరికాయలు ఒలిచేవాళ్ళని చూడండి. కొత్తవాడు రెక్కల బలమంతా పెట్టి ఇనుప మొన మీద కుస్తీ పడతాడు. చెయ్యి తిరిగినవాడు ఒంటి బరువు కాయ మీదకి వదిలి అలా తిప్పుతాడంతే, డొక్క ఊడొస్తుంది. దసరాకి మా వైపు చేసే సాము, చెడీ తాలింఖానాలో కర్ర తిప్పే పెద్దవాళ్ళ మణికట్టు చూసినా సంగతి అర్థమవుతుంది.

అపోహ: క్లాసులో వచ్చేసిందంటే బయటా వచ్చేస్తుంది.

వాస్తవం: నేను కూడా చాలాకాలం ఇలాగే అనుకున్నాను. ఒక అమ్మాయి గ్రీన్ బెల్ట్, విడిపించుకోవడం అద్దంలా చేసేది. ఓరోజు వాళ్ళ నాన్నగారిని పట్టుకోమన్నాను. రొయ్యల చెరువుల్లో వలలు లాగే చెయ్యి ఆయనది. అమ్మాయి ఎంత తిప్పినా రాలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తప్పు నాదే. రెండేళ్ళుగా స్నేహితురాలి మెత్తటి పట్టులోనే సాధన చేయించాను. అప్పట్నుంచి పట్టు బిగువు కొంచెం కొంచెంగా పెంచుతాం. పట్టుకుని లాగుతాం, రెండు చేతులతో పట్టుకుంటాం, గట్టిగా అరుస్తాం. ఇంకో ఏడాదికి ఆయన అన్నారు: “ఆయ్, లాగినట్టే లేదండీ, నా వేళ్ళే విడిపోయాయి.” ఆ అమ్మాయి అప్పుడు ఏం చేసిందో తెలుసా? పట్టు బిగిసేదాకా ఆగలేదు, చెయ్యి పడుతుండగానే తిరిగింది.

అపోహ: కటా అంటే డాన్స్.

వాస్తవం: ఊరికే చేస్తే డాన్సే! జపాన్‌లోని ఒకినావాలో ఇతోసు అంకో అనే గురువు బడిపిల్లల కోసం కూర్చిన కటాల్లో మొదట నేర్పేది హేయాన్ షోదాన్. అందులో రెండోసారి గెదాన్ బరాయ్ (చేత్తో కిందికి అడ్డుకోవడం) వేశాక, ముందుకాలు కాస్త వెనక్కి లాక్కుంటూ పిడికిలి పైనుంచి తిప్పి దించే చోటు ఒకటుంది. వైట్ బెల్ట్‌కి అదొక అడుగు. అది చెయ్యి విడిపించుకోవడమేనని, ఇద్దరిద్దరుగా చేయించినప్పుడు బ్రౌన్ బెల్ట్ వాళ్ళకి తడుతుంది. నడుము దగ్గరికి లాక్కునే రెండో చెయ్యీ అంతే, ఖాళీగా వెళ్ళట్లేదు, అవతలివాడి చెయ్యి పట్టుకుని లాగుతోంది.

అపోహ: బ్లాక్ బెల్ట్ వస్తే చదువైపోయినట్టే.

వాస్తవం: మొదటి బ్లాక్ బెల్ట్‌ని షోదాన్ అంటారు, ఆ మాటకి అర్థమే తొలిమెట్టు. జూడో స్థాపకుడు కానో జిగోరో పెట్టిన ఈ మెట్ల పద్ధతిని కరాటే గురువు ఫునకోషి 1924లో కరాటేకి తెచ్చుకున్నాడు.

అపోహ: విడిపించుకున్నాక నాలుగు తగిలించాలి.

వాస్తవం: మీదికొచ్చినవాణ్ణి ఆపుకునే హక్కు భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్ ఇస్తోంది. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి గాయపరచకూడదని 37వ సెక్షన్ అంటోంది. కొత్త పిల్లలు విడిపించుకున్న ఊపులో అక్కడే నిలబడి కొడతారు. పైబెల్టు వాళ్ళు అప్పటికే జనం ఉన్నవైపు నాలుగడుగులు వేసేసి ఉంటారు, ఆ తర్వాతే 112కి ఫోన్.

అందుకే బ్రౌన్ బెల్ట్ పరీక్షలో నా మొదటి ప్రశ్న అదే పాత పట్టు. కాకపోతే భుజాన స్కూల్ బ్యాగు, కాళ్ళకి తడిసిన చెప్పులు, కింద వాన పడ్డ నేల.