వృద్ధాశ్రమంలో మధ్యాహ్నం మూడింటికి ఏం చేస్తారు?

హైదరాబాద్ శివార్లలోనో, రాజమండ్రి చుట్టుపక్కలో ఉన్న ఏదైనా వృద్ధాశ్రమానికి ఫోన్ చేసి, "మా అమ్మాయి పుట్టినరోజుకి ఒక పూట భోజనం పెట్టిద్దాం అనుకుంటున్నామండీ" అనండి. టిఫిన్‌కి ఎంత, స్వీటుతో మధ్యాహ్న భోజనానికి ఎంత, ఏ తేదీలు ఖాళీగా ఉన్నాయి, అన్నీ గడగడా చెప్పేస్తారు. అదే ఫోన్‌లో "మీ దగ్గరుండే పెద్దవాళ్లు రోజంతా ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే మాత్రం జవాబు చాలాసార్లు మూడు ముక్కల్లో అయిపోతుంది: టీవీ, భజన, సాయంత్రం కాసేపు నడక. ఇందులో నిర్వాహకుల తప్పు కొంతే. హోమ్ అనేది మన దగ్గర ఏ పని కోసం మొదలైందో ఇప్పటికీ ఆ పనే చేస్తోంది.

ఇల్లు విడిచి ముసలితనం గడపడం మనకు కొత్త కాదు. కాశీ వెళ్లి అక్కడే ఉండిపోయినవాళ్లు, సత్రాల్లో, గుళ్ల దగ్గర తలదాచుకున్న వితంతువులు ఎప్పుడూ ఉన్నారు. అయితే దిక్కులేని ముసలివాళ్ల కోసమే ప్రత్యేకంగా ఒక ఇల్లు నడపడమనే ఏర్పాటు ఎక్కువగా క్రైస్తవ సన్యాసినుల ద్వారా వచ్చింది. 1839లో ఫ్రాన్స్‌లో జాన్ జుగాన్ అనే పేదరాలు చూపులేని ఒక ముసలమ్మను తెచ్చి తన మంచం మీద పడుకోబెట్టింది. అలా మొదలైన లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ సంస్థ 1882లో కలకత్తా వచ్చింది, తర్వాత మన సికింద్రాబాద్‌లోనూ హోమ్ పెట్టింది. బజారులో, ఇళ్లలో అడిగి తెచ్చిన దానితోనే హోమ్ నడపడం వాళ్ల పద్ధతి. దీనికి మన అన్నదానం ఇట్టే కలిసిపోయింది. ఒకరికి కడుపు నిండా పెడితే పుణ్యమని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఒక పెద్దాయనతో గంటసేపు అష్టాచెమ్మా ఆడితే పుణ్యమని మాత్రం ఏ పురాణంలోనూ లేదు!

ప్రభుత్వం ఈ రంగంలోకి ఆలస్యంగా వచ్చింది. 1978లో హెల్పేజ్ ఇండియా అనే స్వచ్ఛంద సంస్థ మొదలైంది. 1992లో కేంద్రం వృద్ధాశ్రమాలు నడిపే స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇచ్చే పథకం తెచ్చింది. 1999లో జాతీయ వృద్ధుల విధానం, 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చాయి. ఆ చట్టం 19వ సెక్షన్ ప్రకారం రాష్ట్రాలు జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు ఉండేలా హోములు పెట్టవచ్చు. పెట్టి తీరాలని లేదు, పెట్టవచ్చని ఉంది. అదే సెక్షన్‌లో వైద్యంతో పాటు వినోదం గురించీ ఒక మాట ఉంది. దాని కింద కేంద్రం తయారుచేసిన నమూనా నిబంధనల్లో మనిషికి పడకగదిలో 7.5 చదరపు మీటర్ల చోటు లాంటి లెక్కలున్నాయి, వినోదం దగ్గరికొచ్చేసరికి టీవీ, వార్తాపత్రిక, సరిపడా పుస్తకాలు అని ఉంది. అంటే కొని పెట్టేయగల వస్తువులు. చట్టం ఆ సెక్షన్‌లో, ఈ పెద్దవాళ్ల పగటిపూట సంగతి చూసుకోవడమే ఉద్యోగంగా ఒక మనిషి ఉండాలని ఎక్కడా అనలేదు. తనిఖీకి వచ్చినవాళ్లకు గోడ మీద టీవీ కనిపిస్తే చాలు.

ఇదే దారిలో ఇంగ్లండ్, అమెరికా మనకంటే ముందు నడిచాయి, చాలా చోట్ల తడబడ్డాయి కూడా. ఇంగ్లండ్‌లో పేదల కోసం నడిపిన వర్క్‌హౌస్‌లలో జబ్బుపడ్డ ముసలివాళ్లు ఏ పనీ లేకుండా బెంచీల మీద కూర్చుని ఉండేవారు. 1882లో లేడీ బ్రబజోన్ అనే సంపన్నురాలు వాళ్లకు అల్లికలు, కుట్టుపనులు నేర్పే ఏర్పాటు చేసింది. మొదట సామాను తానే కొనిచ్చింది. తయారైనవి అమ్మగా వచ్చిన డబ్బుతో మళ్లీ సామాను కొనేవారు. అయినా 1950ల చివర్లో పీటర్ టౌన్సెండ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇంగ్లండ్, వేల్స్‌లలో 173 వృద్ధుల సంస్థలు తిరిగి చూస్తే, చాలా చోట్ల ఆ పాత దృశ్యమే ఎదురైంది.

అమెరికాలో మార్పు చట్టంతో వచ్చింది. నర్సింగ్ హోముల్లో నిర్లక్ష్యం మీద ఏళ్ల తరబడి గొడవ జరిగాక 1987లో తెచ్చిన సంస్కరణ ప్రకారం, ప్రభుత్వ డబ్బు తీసుకునే ప్రతి హోమ్‌లో అర్హత ఉన్న మనిషి ఆధ్వర్యంలో, ప్రతి వ్యక్తి ఇష్టాయిష్టాలకు తగ్గట్టు కార్యక్రమాలు నడవాలి. 120 పడకలు దాటితే పూర్తికాలం సోషల్ వర్కర్ ఉండాలి. అక్కడ ఉండేవాళ్లు సంఘంగా కూడి తమ మాట చెప్పుకునే హక్కు కూడా ఇచ్చారు. చట్టం రాగానే అన్ని హోములూ బాగుపడిపోలేదు. కాగితం మీద బింగో ఆట రాసి చేతులు దులుపుకునేవి అక్కడా ఉన్నాయి. కానీ అడగడానికి ఒక ఆధారం దొరికింది.

ఆ చట్టానికి పదేళ్ల ముందు జరిగిన రెండు ప్రయోగాలు మన హోములవాళ్లు తప్పక తెలుసుకోవాల్సినవి. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కనెక్టికట్‌లోని ఒక హోమ్‌లో ఒక అంతస్తువాళ్లకు, "మొక్క కావాలో వద్దో మీ ఇష్టం, తీసుకుంటే నీళ్లు మీరే పోసుకోవాలి, సినిమా ఏ రోజు చూస్తారో మీరే చెప్పండి" అన్నారు. ఇంకో అంతస్తులో మొక్కలిచ్చి నీళ్లు నర్సులు పోస్తారన్నారు, సినిమా రోజు కూడా వాళ్లే చెప్పారు. మొదటి అంతస్తువాళ్లు హుషారుగా ఉన్నారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే వాళ్లలో మరణాలూ తక్కువే. అయితే ఆ మరణాల లెక్కలో పొరపాటుందని, తేడా మొదట చెప్పినంత గట్టిది కాదని తర్వాత సవరణ వేశారు. ఈ ప్రయోగం గొప్పగా చెప్పుకునేవాళ్లు ఆ సవరణ సంగతి ఎత్తరు.

రెండోది మనకు ఇంకా దగ్గర. రిచర్డ్ షుల్జ్ అదే ఏడాది ఒక హోమ్‌లోని వృద్ధుల దగ్గరికి కాలేజీ విద్యార్థుల్ని పంపాడు. ఎప్పుడు రావాలో, ఎంతసేపు ఉండాలో కొందరు పెద్దవాళ్లే నిర్ణయించారు. కొందరికి ఎప్పుడు వస్తారో ముందే చెప్పారు. కొందరి దగ్గరికి చెప్పాపెట్టకుండా వెళ్లారు. మొదటి రెండు గుంపులవాళ్ల ఆరోగ్యం, ఉత్సాహం బాగా మెరుగుపడ్డాయి. ప్రయోగం అయిపోయింది, పిల్లలు రావడం మానేశారు. రెండేళ్లు, అంతకన్నా ఎక్కువ గడిచాక వెళ్లి చూస్తే, అప్పుడు బాగా కోలుకున్నవాళ్లే మిగతావాళ్లకంటే ఎక్కువ దిగజారిపోయి ఉన్నారు.

మన పుట్టినరోజు అతిథుల్ని ఈ లెక్కన చూడండి. కేక్ కోస్తారు, ఫొటోలు దిగుతారు, "మళ్లీ వస్తాం మామ్మా" అంటారు. ఏ రోజు ఎవరొస్తారో మామ్మకు తెలియదు, వద్దనే వీలూ లేదు. అక్టోబర్ 1న వృద్ధుల దినోత్సవం పేరుతో శాలువాలు, పళ్లు వస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక బయటివాళ్ల రాక ఆగిపోయింది. అలవాటైన ఆ కాస్త సందడి కూడా పోయింది. దాతల్ని తప్పుపట్టలేం, వాళ్ల డబ్బుతోనే చాలా హోములు నడుస్తున్నాయి. కానీ రోజువారీ బతుకును అతిథులకు వదిలేయడం మంచి పద్ధతి కాదు.

ఇంకో చిక్కు ఉంది. మన పెద్దవాళ్లకు ఆటలకంటే పని అలవాటు. వత్తులు చేయడం, పూలు కట్టడం, కూరగాయలు తరగడం, మొక్కలకు నీళ్లు పోయడం అడిగి మరీ చేసేవాళ్లున్నారు. తీరా చేస్తే, "డబ్బు కడుతున్నాం, మా అమ్మ చేత పని చేయిస్తారా?" అని పిల్లలు నిలదీస్తారేమోనని నిర్వాహకులకు టెన్షన్. పని చేయించుకుని జీతాలు మిగుల్చుకునే చోట్లూ లేకపోలేదు, కాబట్టి ఆ అనుమానమూ ఉత్తిది కాదు. ఆవిడ ఇష్టపడి చేస్తోందా, వద్దంటే మానే వీలుందా అన్నదే చూడాలి.

డబ్బున్నవాళ్లకు దారి వేరే పడింది. పిల్లలు అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లిన కుటుంబాల కోసం రిటైర్మెంట్ అపార్ట్‌మెంట్లు వచ్చాయి. యోగా, కర్ణాటక సంగీతం, యాత్రలు ప్యాకేజీలో భాగం. 2019లో కేంద్ర గృహనిర్మాణ శాఖ వీటికి నమూనా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో 2007 చట్టానికి సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టారు. హోములన్నీ రిజిస్టర్ చేయించుకోవాలని, కనీస ప్రమాణాలు కేంద్రం నిర్ణయించాలని అందులో ఉంది. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లింది, సంఘం నివేదిక ఇచ్చింది. 2024లో లోక్‌సభ గడువు తీరడంతో బిల్లు మురిగిపోయింది.