తొమ్మిది గంటల ఎడబాటు, తల్లిపాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉదయం ఎనిమిదింటికి బస్సెక్కి కాశీనగరం వైపు బడికి వెళ్లే ఉపాధ్యాయిని తిరిగి ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదవుతుంది. ఇంట్లో నెలల బిడ్డ ఉంటే ఆ తొమ్మిది గంటలూ ఇక్కడ బిడ్డకు ఆకలి వేస్తుంటుంది, అక్కడ తల్లికి రొమ్ములు బరువెక్కుతుంటాయి. మా చెల్లెలు ప్రసూతి సెలవు ముగించుకొని ఉద్యోగంలో తిరిగి చేరినప్పుడు ఇంటిల్లిపాదీ ముందుగా చర్చించింది ఏ కంపెనీ పంపు కొనాలన్న సంగతి. నెల తిరిగేసరికి మాకు తెలిసివచ్చిందేమిటంటే, ఈ వ్యవహారంలో పంపుది చాలా చిన్న పాత్ర. రొమ్ము రోజుకు ఎన్నిసార్లు ఖాళీ అవుతోంది, తీసిన పాలు ఎంత చల్లగా ఉంటున్నాయి అన్నవాటి మీదే మిగిలినదంతా ఆధారపడి ఉంది.

మొదటి వారం ఆమె బడిలో పాలు తీయలేదు. పగలు తీయకుండా ఉంటే అవి సాయంత్రానికి బిడ్డకు మిగులుతాయని అనుకుంది. ఈ నమ్మకం చాలామందిలో ఉంది, కానీ శరీరం చేసే పని దీనికి సరిగ్గా విరుద్ధం. రొమ్ములోని సన్నని తిత్తులు పాలతో నిండి బిగిసినకొద్దీ వాటి గోడల్లోని కణాలు కొత్త పాల తయారీని నెమ్మదింపజేస్తాయి. తిత్తులు ఖాళీ అయినకొద్దీ తయారీ మళ్లీ వేగం పుంజుకుంటుంది. పాలు ఊరడానికి పీయూష గ్రంథి విడుదల చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోను అవసరమే, అయినా అది రక్తంలో కలిసి రెండు రొమ్ములకూ సమానంగానే చేరుతుంది. బిడ్డ ఎప్పుడూ ఒక పక్కే తాగితే రెండో పక్క పాలు క్రమంగా ఇంకిపోవడాన్ని బట్టి, ఎంత తయారు చేయాలన్నది ఏ రొమ్ముకు ఆ రొమ్మే నిర్ణయించుకుంటుందని తెలుస్తుంది. పగలంతా నిండుగా వదిలేసిన రొమ్ము, ఇన్ని పాలు ఇక్కడ అక్కరలేదని అర్థం చేసుకుంటుంది. వారం పది రోజులు అలాగే గడిస్తే సాయంత్రం పాలు కూడా తగ్గుతాయి. ఈలోగా పాలు కట్టుకుపోయి గడ్డలు తేలడం, జ్వరం రావడం వంటి బాధలు వేరే ఉంటాయి.

ఎన్ని గంటలకొకసారి తీయాలన్నదానికి అందరికీ సరిపడే అంకె లేదు. ఆస్ట్రేలియాలో పీటర్ హార్ట్‌మన్ బృందం రొమ్ము పరిమాణంలో వచ్చే మార్పులను కొలిచి చూసినప్పుడు, ఒక్కో రొమ్ము పట్టగల పాలు కొందరిలో 80 మిల్లీలీటర్లు ఉంటే మరికొందరిలో 600 దాకా ఉన్నాయి. తక్కువ పట్టే తల్లి తక్కువ పాలిచ్చే తల్లి కాదు. ఆమెకు త్వరగా నిండుతుంది, త్వరగా తీయాలి, అంతే. మామూలుగా మూడు గంటలకొకసారి తీస్తే మంచిదని చెబుతారు. బడిలో అది ఉదయం చిన్న విరామానికీ మధ్యాహ్న భోజనానికీ సర్దుకుంటుంది. ఇక బిడ్డకు ఎన్ని పాలు దాచిపెట్టాలన్నది సులభమైన లెక్క. ఒకటో నెల దాటాక ఆరో నెల వరకు తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ రోజుకు సగటున 750 మిల్లీలీటర్ల చుట్టూ తాగుతుంది, అంటే గంటకు 30 మిల్లీలీటర్ల పైచిలుకు. తొమ్మిది గంటలకు 280 ఉంటే సరిపోతుంది. డబ్బాపాల లెక్కలో నెలనెలా పెంచుకుంటూ పోవలసిన పని తల్లిపాలకు లేదు. ఎంతో మంది బిడ్డలు పగలు కొంచెమే తాగి, తల్లి ఇంటికి రాగానే మొదలుపెట్టి రాత్రంతా తాగుతారు. రాత్రి ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉంటుంది కనుక నిద్ర చెడినా ఆ తాగుడు పాల ఉత్పత్తికి మేలే చేస్తుంది.

పాలు ఊరడం ఒకటి, బయటికి రావడం మరొకటి. పశువులున్న ఇళ్లలో దీనికి చక్కని మాట ఉంది: చేపడం. దూడను విడిచి పొదుగు కుడిపిస్తేనే ఆవు చేపుతుందని పాలు పితికేవారికి తెలుసు. వాడుక భాష కోసం జీవితాన్ని ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ, ఇంత సొంపైన మాటను వదిలి మరో మాట వెతుక్కోవడం నాకు ఇష్టం లేదు. బిడ్డ చప్పరించినా, ఏడ్చినా, కొందరికి బిడ్డ గుర్తుకు వచ్చినా సరే, మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై, తిత్తుల చుట్టూ అల్లుకున్న సన్నని కండర కణాలు ముడుచుకొని పాలను నాళాల్లోకి తోస్తాయి. నొప్పి, భయం, బిడియం ఈ చేపును ఆపేస్తాయి. 1948లో అమెరికాలో నైల్స్ న్యూటన్, మైకేల్ న్యూటన్ దంపతులు చేసిన ప్రయోగం ఇందుకు సాక్ష్యం. పాలిచ్చే తల్లి పాదాలను మంచునీళ్లలో ఉంచి, లెక్కల మీద లెక్కలు అడిగి, కాలి వేలు నొప్పి పుట్టేలా లాగి, బిడ్డ ఎన్ని పాలు తాగిందో తూచారు. ప్రశాంతంగా ఉన్నప్పుడు 168 గ్రాములు తాగిన బిడ్డకు ఆ హింస మధ్య 99 గ్రాములే దొరికాయి. అదే హింస కొనసాగుతుండగా తల్లికి ఆక్సిటోసిన్ సూది వేస్తే 153కు పెరిగాయి. పాలు లోపలే ఉన్నాయి, బయటికి రాలేదన్నమాట.

ఈ ప్రయోగం గురించి చదివినప్పుడు నాకు మా చెల్లెలికి ఆ బడిలో చూపించిన చోటు గుర్తుకు వచ్చింది. విరిగిన బల్లలు పేర్చిన సామాను గది, గడియ లేని తలుపు, బయట పిల్లల పరుగులు. అక్కడ పావుగంట కూర్చుంటే 30 మిల్లీలీటర్లు వచ్చేవి. తోటి ఉపాధ్యాయిని ఒకరు తలుపు దగ్గర కుర్చీ వేసుకొని కాపలా కూర్చోవడం మొదలుపెట్టాక, అదే గదిలో అదే పంపుతో అంతకు రెట్టింపు వచ్చాయి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం బిడ్డకు 15 నెలలు నిండేవరకు రోజుకు రెండు పాలివ్వే విరామాలను హక్కుగా ఇచ్చింది. 2017 సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు సెలవును 26 వారాలకు పెంచి, 50 మంది అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలంది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ ఇవి ఉన్నాయి. విరామం ఇచ్చిన చట్టం తలుపుకు గడియ సంగతి చెప్పలేదు.

పంపుల చరిత్ర సరదాగా ఉంటుంది. అమెరికాలో మొదటి పేటెంటు 1854 నాటిది. 1920లలో బిడ్డ చప్పరింపును అనుకరించే యంత్రాన్ని తయారుచేసిన ఎడ్వర్డ్ లాస్కర్ పేరుపొందిన చదరంగ క్రీడాకారుడు కూడా. ఇప్పటి యంత్రాలు మొదట వేగంగా, మృదువుగా లాగి చేపు రప్పించి, తర్వాత నెమ్మదిగా, బలంగా లాగుతాయి. ఎక్కువ బలం పెడితే ఎక్కువ పాలు రావు, చనుమొన చిట్లుతుంది. కరెంటు లేని చోట, డబ్బు లేని చోట చేత్తో పిండడమే మేలు. చనుమొన చుట్టూ ఉన్న నల్లని వలయం అంచున బొటనవేలు ఒక పక్క, చూపుడువేలు ఇంకో పక్క ఉంచి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లనూ దగ్గరికి అదిమి వదలాలి. చర్మం మీద వేళ్లు జారకూడదు. పంపుతో తీసిన తర్వాత కూడా ఇలా రెండు నిమిషాలు పిండితే మిగిలిన చిక్కటి పాలు వస్తాయి. బాలింతకు పాలసొర చేప కూర, వెల్లుల్లి కారం పెట్టడం మా ప్రాంతపు ఆచారం. తినడానికి రుచిగానే ఉంటాయి, పెట్టండి. అయితే నిండుగా వదిలేసిన రొమ్ముకు అవి పాలు తెప్పించలేవు.

ఇక వేడి సంగతి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల సూచన ప్రకారం అప్పుడే తీసిన పాలను గదిలో 4 గంటలు, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో 4 రోజులు, గడ్డకట్టించి 6 నెలలు ఉంచవచ్చు. ఆ గది వేడి 25 డిగ్రీలకు మించకూడదన్నది అందులోనే ఉన్న షరతు. దాన్ని మనవాళ్లు చదవకుండా దాటేస్తారు. మే నెలలో పర్లాకిమిడిలో గానీ బరంపురంలో గానీ పెంకుటింటి లోపల 35 డిగ్రీలుంటే ఆ 4 గంటల హామీ చెల్లదు. తల్లిపాలలో లైసోజైమ్, లాక్టోఫెర్రిన్ వంటి రక్షక పదార్థాలు, సజీవ కణాలు ఉండడం వల్ల అవి ఆవుపాలంత తొందరగా విరగవన్నది నిజమే. కానీ వేడి పెరిగినకొద్దీ సూక్ష్మజీవులదే పైచేయి అవుతుంది.

తడిగుడ్డ చుట్టిన కుండలో గిన్నె పెట్టడం పాత ఉపాయం. దాని బలం గాలిలోని తేమను బట్టి ఉంటుంది. పడమటి ఒడిశాలోని టిట్లాగఢ్ వైపు పొడి వేసవిలో 40 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉన్నప్పుడు ఆవిరి ద్వారా చల్లదనం 24 డిగ్రీల దగ్గరిదాకా దిగగలదు. సముద్రపు గాలి వీచే గంజాం తీరంలో 35 డిగ్రీల వేడికి 75 శాతం తేమ తోడైతే ఎంత తడిపినా 31 డిగ్రీల కిందికి దిగదు. అదే కుండ, అదే గుడ్డ, ఊరు మారితే ఫలితం మారుతుంది. కనుక మనవైపు మంచే శరణ్యం. 280 మిల్లీలీటర్ల పాలను ఒంటి వేడి నుంచి 4 డిగ్రీలకు దించడానికి లెక్క ప్రకారం 110 గ్రాముల మంచు చాలు. డబ్బా గోడల నుంచి లోపలికి చొరబడే వేడిని కూడా మంచే మింగాలి కాబట్టి, రాత్రి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన లీటరు నీళ్ల సీసాను పాల డబ్బాకు ఆనించి మూతబిగువైన ఐసు పెట్టెలో పెట్టుకోవడం మా ఇంట్లో కుదిరిన పద్ధతి. మంచు పూర్తిగా కరగనంత సేపు దాని వేడి 0 డిగ్రీలు దాటదు. సాయంత్రం మూత తీసినప్పుడు సీసాలో మంచుముక్క ఇంకా కదులుతుంటే పాలు క్షేమమని ఆమె గుర్తు పెట్టుకుంది.

నిలవ ఉన్న పాల మీద మీగడ తేలితే గుండ్రంగా తిప్పి కలపాలి, పారబోయకూడదు. కొందరి పాలు నిలవ ఉంటే సబ్బు వాసన వేస్తాయి. అది కొవ్వును విడగొట్టే లైపేజ్ పని, పాలు చెడిపోయినట్టు కాదు. పొయ్యి మీద కాస్తే రక్షక ప్రోటీన్లు దెబ్బతింటాయి. మైక్రోవేవ్‌లో పెడితే అక్కడక్కడ మరిగి బిడ్డ నోరు కాలుతుంది. గోరువెచ్చని నీటిలో గిన్నె ఉంచితే చాలు. గడ్డకట్టిన పాలను ఫ్రిజ్‌లో కరిగించాక 24 గంటల్లో వాడాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. బిడ్డ ఎంగిలి చేసిన పాలను రెండు గంటల తర్వాత ఉంచకూడదు. అందుకే ఒకేసారి 150 పోయకుండా 60 చొప్పున దాచుకోవాలి.

సీసాల విషయంలో నేను పక్షపాతినే, వాటికి వ్యతిరేకిని. మన దేశంలో పాలసీసాల ప్రచారాన్ని నిషేధించే 1992 నాటి చట్టం ఉంది. పాలపీక మలుపుల్లో, మూత మరల్లో చిక్కుకున్న పాలు కడిగితే తేలిగ్గా పోవు, దానివల్ల విరేచనాలు పట్టుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సీసాకు బదులు కప్పును సూచిస్తుంది. ఆ కప్పు మనకు కొత్తది కాదు. అటక మీది ఇత్తడి, వెండి ఉగ్గుగిన్నెలకు మూలలు లేవు, పీక లేదు, లోపలంతా కంటికి కనిపిస్తుంది, ఐదు నిమిషాలు మరిగిస్తే శుభ్రమవుతుంది. ఇత్తడిలోని రాగి పాలలోకి దిగవచ్చు కాబట్టి పాలకు స్టీలుదో వెండిదో వాడడం మంచిది.

అయితే గిన్నె సరైనదైనా పాతకాలపు భంగిమ సరైనది కాదు. కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చెంపలు నొక్కి గొంతులో పోయడం వల్ల పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. మా అమ్మ తన మనవడికి మొదటి రోజు అలాగే పోయబోయింది. “అలా కాదమ్మా, వాణ్ణి ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టు, పెదవికి ఆనించి ఆగు, వాడే జుర్రుకుంటాడు” అని చెల్లెలు చెబితే, “నలుగుర్ని పెంచిన దాన్ని, నాకు నేర్పుతావా” అంటూనే అలాగే చేసింది. బిడ్డ నాలుక చాచి పిల్లిపిల్లలా జుర్రుకున్నాడు. పోయడం లేదు కనుక ఎన్ని తాగాలో వాడే తేల్చుకుంటాడు. ముందుగా అరగంట పట్టి సగం ఒలికిపోయింది. వారం తిరిగాక పది నిమిషాలకు వచ్చింది. సీసాయే వాడక తప్పని ఇళ్లలో సన్నగా జారే పీక పెట్టి, బిడ్డను కూర్చోబెట్టి, సీసాను అడ్డంగా పట్టుకొని, మధ్యమధ్య ఆపుతూ పట్టాలి. తలకింద దిండు పెట్టి నోట్లో సీసా ఆనించి పనుల్లోకి వెళ్లిపోవడం ఎప్పుడూ కూడదు.

ఈ ఏర్పాట్లన్నీ సెలవు ముగియడానికి రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. పాలు నిండుగా ఉండే తెల్లవారుజామున బిడ్డ తాగాక ఒకసారి తీసి, తేదీ రాసి దాచుకోవచ్చు. ఉగ్గుగిన్నెను తల్లి కాక అమ్మమ్మో నాన్నమ్మో పడితే బిడ్డ తొందరగా అలవాటు పడతాడు, తల్లి వాసన దగ్గరలో ఉంటే గిన్నె వైపు చూడడు. ఆరు నెలలు నిండాక మెత్తగా ఉడికించిన అన్నం, పప్పుకట్టు, ఉగ్గు మొదలవుతాయి. అప్పటి నుంచి పగటి పాల లెక్క తగ్గుతూ వస్తుంది. మా చెల్లెలి ఐసు పెట్టెలో మూడు డబ్బాలు రెండయ్యాయి, ఎనిమిదో నెలకు ఒకటి మిగిలింది. ఆ ఒక్క డబ్బా కోసం కూడా తోటి ఉపాధ్యాయిని తలుపు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చునేది.