సీసం మీద తెట్టు

నరసాపురం దగ్గర వశిష్ఠ గట్టు మీద మా మావయ్య ఊరు. చేపలు పట్టడం ఆయనకి బతుకుతెరువు కాదు, పిచ్చి. ఏటా వరద నీళ్ళు రాకముందే విసురు వల బయటికి తీసి, అంచున ఊడిపోయిన సీసం గుళ్ళు ఎన్నో లెక్క చూసుకుని, పెరట్లో మూడు ఇటుకలు పేర్చి కొబ్బరి చిప్పల బొగ్గుల మీద ఇనప మూకుడు పెట్టేవాడు. పాత సీసం ముక్కలు అందులో కాసేపు మొండిగా కూర్చుని, తర్వాత ఉన్నట్టుండి కూలబడి అద్దంలా మెరిసేవి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, కట్టెల పొయ్యి చాలు. ఆ మెరుపు నిలవదు, చూస్తుండగానే మీద బూడిదరంగు తెట్టు కట్టేస్తుంది, పాల మీద మీగడలాగే. మావయ్య చెంచాతో దాన్ని పక్కకి గీసి, ఇటుకలో చెక్కిన గాడిలో సైకిల్ పుల్ల పెట్టి గరిటెతో సీసం పోసేవాడు. చల్లారాక పుల్ల లాగేస్తే గుండుకి కన్నం రెడీ.

ఒకసారి గరిటె నుంచి రెండు చుక్కలు పక్కనున్న నీళ్ళ బకెట్లో పడ్డాయి. చుయ్‌మన్నాయి. తీసి చూస్తే గుండ్రంగా లేవు, తోక కప్పల్లా ఉన్నాయి. వాన చుక్క గుండ్రంగా ఉంటుందని బళ్ళో చెప్పారు కదా, దీనికి తోకెందుకొచ్చింది అని అడిగితే మావయ్య, "దూరం జరగరా అల్లుడూ, కాళ్ళు కాల్తాయి" అన్నాడు. జవాబు నాకు చాలా ఏళ్ళ తర్వాత దొరికింది, అదీ వలల దగ్గర కాదు, తుపాకుల దగ్గర.

షాట్‌గన్ తూటాలో మామూలుగా ఒక పెద్ద గుండు ఉండదు, ఆవాలకీ మిరియాలకీ మధ్య సైజులో బోలెడు సీసం గుళ్ళుంటాయి. అన్నీ గుండ్రంగా ఉండాలి, లేకపోతే ఒక్కోటి ఒక్కో దారిన పోతుంది. అమెరికాలో కొందరు కాల్చేసిన ఖాళీ తూటాలని మళ్ళీ నింపుకుంటారు, దాన్ని రీలోడింగ్ అంటారు, వాళ్ళలో కొంతమంది గుళ్ళు కూడా ఇంట్లోనే చేసుకుంటారు. (మన దగ్గర లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద జైలే, కాబట్టి ఇది చేసుకోవడానికి కాదు, తెలుసుకోవడానికి.) మరి అంత చిన్న గుళ్ళు వందలూ వేలూ కావాలంటే ఒక్కోదాన్నీ మావయ్యలా అచ్చులో పోస్తూ కూర్చోలేరుగా.

1665లో ఇంగ్లీషు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ తన మైక్రోగ్రాఫియా అనే పుస్తకంలో ఒక పద్ధతి రాశాడు. అడుగున చిల్లులున్న పాత్రలోంచి కరిగిన సీసాన్ని కాస్త కిందనే ఉన్న నీళ్ళలోకి కార్చడం. ఆ సీసంలో తాళకం కలపాలి. అవును, మన ఆయుర్వేదం వాళ్ళ పసుపు పచ్చ తాళకమే, ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం. అది లేకపోతే తోకలొస్తాయని గుళ్ళు చేసేవాళ్ళకి అప్పటికే అనుభవంలో తెలుసు.

తర్వాత ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో విలియం వాట్స్ అనే ప్లంబర్ వచ్చాడు. ప్లంబర్ అన్న మాట పుట్టిందే సీసానికి లాటిన్‌లో ఉన్న ప్లంబం అనే పేరు నుంచి, అప్పట్లో చాలా గొట్టాలు సీసంవే మరి. ఆయన తన ఇంటి మీదే ఒక బురుజు లేపి, పైనుంచి జల్లెడలో సీసం పోసి, అడుగున నీళ్ళలో గుళ్ళు పట్టి, 1782లో పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత ఇలాంటి షాట్ టవర్లు చాలాచోట్ల లేచాయి. మెల్‌బోర్న్‌లో 1882లో కట్టిన క్లిఫ్టన్ హిల్ టవర్ 80 మీటర్లుంటుంది, అంటే మన కొబ్బరి చెట్లు నాలుగు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత.

అంత ఎత్తు ఎందుకు? చుక్క గుండ్రంగా అవడానికి టైం పట్టుద్ది కదా అని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా. లెక్క వేస్తే తేలింది వేరు. తలతన్యత అంటే ద్రవం తన పైపొరని వీలైనంత బిగించి దగ్గరకు లాక్కునే గుణం, కరిగిన సీసానికి అది నీటికున్నదానికి ఆరు రెట్లు. మూడు మిల్లీమీటర్ల సీసం చుక్క గుండ్రంగా మారడానికి సెకనులో వందో వంతు చాలు, రెప్ప వేసేలోపే అయిపోతుంది. ఎత్తు కావాల్సింది గుండ్రం కావడానికి కాదు, గుండ్రంగా ఉండగానే గట్టిపడడానికి. 80 మీటర్లు పడటానికి నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లూ గాలి చుక్కని అన్ని వైపులా చల్లారుస్తుంది, నీళ్ళని తాకేసరికి అది దెబ్బకి చితకనంత గట్టిపడి ఉంటుంది. మా బకెట్లో చుక్క మూరెడు ఎత్తు నుంచి పడింది, సెకనులో మూడో వంతు కూడా లేదు, మెత్తగానే వెళ్ళి నీళ్ళని గుద్దుకుంది.

దానికి తోడు తెట్టు. సీసం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మీద పొర కడుతుంది, ఆ పొర లోపలి ద్రవంలా సాగదు, చుక్క గరిటె నుంచి తెగేటప్పుడు సాగిన మెడని అలాగే పట్టుకుని ఉంచేస్తుంది. అదే తోక. ఆర్సెనిక్ కొంచెం కలిస్తే ఈ పొర పెత్తనం తగ్గి తలతన్యత మాట నెగ్గుతుంది.

ఇళ్ళల్లో చేసేవాళ్ళకి టవర్ ఎక్కడిది? వాళ్ళు 1961లో అమెరికాలో బ్లీమైస్టర్ అనే ఆయనకి పేటెంటు వచ్చిన దారి పట్టారు. చుక్క ఓ అంగుళం ఎత్తు నుంచే వేడి నీళ్ళలో పడి, అందులో వాలుగా ఉన్న పలక మీద దొర్లుకుంటూ జారుతుంది. చల్లటి నీళ్ళు కాదు, వేడివి. చల్లటివైతే తగిలిన వైపు ముందే బిగుసుకుపోతుంది, వేడివైతే నిదానంగా, దొర్లుతూ, అన్ని వైపులా. నాకు ఈ ఉపాయం 80 మీటర్ల టవర్ కన్నా గొప్పగా అనిపిస్తుంది. సీసం కోసం వాళ్ళు పాత కార్ల చక్రాలకి బ్యాలన్సింగ్ కోసం బిగించే ముక్కలు ఏరుకునేవాళ్ళు, వాటిలో యాంటిమొనీ అనే లోహంతో పాటు కాస్త ఆర్సెనిక్ కూడా ఉంటుంది మరి.

ఇక ప్రమాదం సంగతి. అందరికీ భయం పొగంటే. అసలు ఆ వేడిలో సీసం ఆవిరయ్యేది చాలా తక్కువ, కనపడే పొగ ఎక్కువగా మురికి, జిడ్డు కాలినదే. వెంటనే కాల్చేది తడి. మావయ్య ఒకసారి మంచు పడ్డ ఇటుకని ఆరబెట్టకుండా సీసం పోస్తే ఢామ్మని ఎగిరి ఆయన మోచేతి మీద నాలుగు మచ్చలు మిగిలాయి. నీరు ఆవిరైతే 1,600 రెట్లకి పైగా ఉబ్బుతుంది, దాని మీద సీసం ఉంటే సీసాన్ని విసిరేస్తుంది. నెమ్మదిగా చంపేది మాత్రం మళ్ళీ ఆ తెట్టే. అది ఎండి పొడై, వేళ్ళకి అంటి, అన్నం ముద్దతో లోపలికి పోతుంది. పెద్దవాళ్ళు మింగిన సీసంలో పదో వంతు ఒంటికి పడితే, చిన్నపిల్లల్లో అది దాదాపు సగం. ఒళ్ళు దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది, ఏళ్ళ తరబడి. ఇంతవరకూ పర్వాలేదు అనే మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

పిట్టలకైతే ఇంకా ఘోరం. చలికాలం కొల్లేటికి వచ్చే సూదితోక బాతుల్లాంటివాటికి పళ్ళుండవు, గింజలు నలగడానికి చిన్న రాళ్ళు మింగి కందనకాయలో పెట్టుకుంటాయి. చెరువు అడుగున పడున్న సీసం గుండు వాటికి మంచి రాయిలాగే కనిపిస్తుంది. కందనకాయ దాన్ని అరగదీస్తుంది, కడుపులో ఆమ్లం కరిగిస్తుంది. అందుకే నీటిపక్షుల వేటకి సీసం గుళ్ళు వాడకూడదన్న నిషేధం అమెరికాలో 1991లో, చిత్తడి నేలల్లో వద్దన్నది యూరోపియన్ యూనియన్‌లో 2023లో అమల్లోకి వచ్చాయి. తుపాకీ గుళ్ళే కాదు, గాలాలకి కట్టే చిన్న సీసం గుళ్ళు మింగి హంసలు చచ్చిపోతున్నాయని బ్రిటన్ 1987లో వాటిలో చాలా సైజులు ఆపేసింది. అది చదివినప్పుడు నాకు మావయ్య మూకుడే గుర్తొచ్చింది.

గీసిన తెట్టు, చిందిన చుక్కలు అన్నీ కలిపి ఆయన పెరట్లో కొబ్బరి మొదట్లో పారబోసేవాడు. అమ్మమ్మ కోళ్ళు పొద్దస్తమానం అక్కడే కాళ్ళతో గీరుకుంటూ ఏరుకునేవి. ఆదివారం కోడి కోస్తే కందనకాయ ఒక్కటే ఉంటుంది కదా, చిన్నవాణ్నని అది ఎప్పుడూ నా కంచంలోనే వేసేది.