ఎల్మ్ ఆకును తిప్పి చూడండి

మార్చి చివరికి వచ్చేసరికి వరంగల్ మిద్దెల మీద పెంచే చైనీస్ ఎల్మ్ బోన్సాయ్ (కుండీలో పొట్టిగా పెంచే చెట్టు) ఆకులు కళ తప్పుతాయి. ముదురు ఆకుపచ్చ మీద సన్నటి పాలిపోయిన చుక్కలు లేస్తాయి. దూరం నుంచి దుమ్ము పడ్డట్టే ఉంటుంది కానీ వేలితో తుడిస్తే పోదు. ఆకును తిప్పి, అడుగున నడి ఈనె పక్కన పది రెట్ల భూతద్దం పెట్టి చూస్తే అర మిల్లీమీటరు కూడా లేని నల్లులు, గుండ్రటి గుడ్లు, వాటి మధ్య సాలెగూడు లాంటి దారాలు కనబడతాయి. భూతద్దం లేకుంటే తెల్ల కాగితం చాలు. కొమ్మ కింద పట్టి రెండుసార్లు తట్టండి. రాలిన నలుసుల్లో కొన్ని నడక మొదలుపెడితే అది ఎర్రనల్లి.

అసలు నష్టం దీని తర్వాత జరుగుతుంది. పత్తి, మిరప పండే జిల్లాలు కావడంతో ఏదో ఒక పురుగుమందు సీసా చాలా ఇళ్ళలో దొరుకుతుంది. అందులోంచి కొంచెం నీళ్ళలో కలిపి కొట్టేస్తారు. ఎర్రనల్లి కీటకం కాదు, ఎనిమిది కాళ్ళున్న సాలెపురుగుల బంధువు. పేనుబంకను, పచ్చదోమను చంపే ఇమిడాక్లోప్రిడ్ దాన్ని చంపదు, పైగా పెంచుతుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో కాండం తొలిచే పురుగు కోసం ఎల్మ్ చెట్లకు ఈ మందు ఎక్కిస్తే ఆ చెట్ల మీద నల్లి విపరీతంగా పెరిగింది. ఎందుకో 2011లో వచ్చిన పరిశోధన తేల్చింది. నల్లిని తినే పురుగులు మందు వల్ల చచ్చాయి, మందెక్కిన ఆకు తిన్న నల్లి ఎక్కువ గుడ్లు పెట్టింది. ఇక డైమిథోయేట్, మలాథియాన్ అనే పురుగుమందులు చైనీస్ ఎల్మ్‌కు అసలే పడవు. కొట్టిన కొద్ది రోజులకే ఆకులు రాలిపోతాయి. నేలలో పెరిగే చెట్టయితే తట్టుకుంటుందేమో గానీ, ఆరంగుళాల కుండీలో రెండేళ్ళ మొక్కకు వేళ్ళలో దాచుకున్న బలం తక్కువ. మళ్ళీ చిగురు వేయడానికే అదంతా ఖర్చయిపోతుంది.

ఎర్రనల్లికి మొదటి మందు నీళ్ళు. కుండీ మట్టి కొట్టుకుపోకుండా పాలిథిన్ కవర్ చుట్టి, మొదలు దగ్గర దారంతో బిగించండి. కుండీని పక్కకు వంచి, పైపు మూతిని వేలితో సగం నొక్కి, ఆకుల అడుగుకు తగిలేలా నీళ్ళు కొట్టండి. పై నుంచి పోస్తే ఉపయోగం లేదు, నల్లి ఉండేది కింద. వేడి 30 డిగ్రీలు దాటితే గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి దాదాపు వారం చాలు. అందుకే ఒక్కసారి కడిగి వదిలేస్తే పది రోజుల్లో మళ్ళీ మొదటికొస్తుంది. మూడు రోజులకోసారి, కనీసం నాలుగు సార్లు కడగాలి. కరీంనగర్ దిక్కు గ్రానైట్ దుమ్ము, రోడ్ల పక్క మట్టి దుమ్ము పడే ఇళ్ళలో వేసవంతా వారానికోసారి కడగడం మంచిది. దుమ్ము పట్టిన ఆకు మీద నల్లిని తినే పురుగులు సరిగా తిరగలేవు.

కడిగినా తగ్గకపోతే వేపనూనె. నాలుగు కుంకుడుకాయలు గింజ తీసి, గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి పిసికి, బట్టతో వడకట్టండి. ఆ రసంలో 5 మిల్లీలీటర్ల వేపనూనె పోసి, పాలలా తెల్లబడేదాకా గిలకొట్టాకే మొత్తం లీటరయ్యేలా నీళ్ళు కలపండి. నూనె నేరుగా నీళ్ళలో పోస్తే పైకి తేలుతుంది. స్ప్రేయర్ అడుగు నుంచి పీలుస్తుంది కనుక మొదట ఉత్త నీళ్ళే వస్తాయి, చివరకు మిగిలిన నూనె చిక్కగా పడిన కొమ్మ మాడిపోతుంది. ముందు ఒక్క కొమ్మకు కొట్టి రెండు రోజులు చూడండి. పొద్దుగూకే వేళే కొట్టాలి. మే నెలలో, ఎండ 42 దాటే రోజుల్లో నూనె వద్దు, గంధకం వద్దు, నీళ్ళే దిక్కు. నీటిలో కరిగే గంధకం 80 శాతం పొడి లీటరుకు 2 గ్రాములు చొప్పున ఎర్రనల్లి మీద బాగా పనిచేస్తుంది. కానీ చల్లటి రోజుల్లోనే వాడాలి. నూనె కొట్టిన రెండు వారాల లోపు వాడితే ఆకు కాలుతుంది.

మిరప కోతలయ్యే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంకో దాడి ఉంటుంది. 2021-22 పంటకాలంలో మిరప తోటలను ముంచిన నల్ల తామర పురుగును ఈ ప్రాంతం మరిచిపోలేదు. తోట ఎండుతుంటే తామర పురుగులు, తెల్లదోమలు పచ్చదనం వెతుక్కుంటూ వస్తాయి. ఊరి అంచున ఉన్న మిద్దెలకు ఇది ఎక్కువ. లేత చిగురు ముడుచుకుని, ఆకు మీద వెండిరంగు గీతలు పడితే తామర పురుగే. మొక్క ఎత్తులోనే జిగురు అట్టలు కట్టండి. తామర పురుగుకు నీలం, తెల్లదోమకు పసుపు. అట్టలతో పురుగు పోదు, వచ్చిందని తెలుస్తుందంతే. ముడిచిన చిగురును గిల్లి కవర్లో మూటగట్టి పారేయండి. యూరియా ఎక్కువైన మొక్కకు ఈ బాధ ఎక్కువ. మెత్తటి చిగురు రసం పీల్చే పురుగులకు విందు.

కొమ్మ చీలిక దగ్గర దూది ఉండలా కనిపించేది పిండినల్లి. సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో ఒక్కోదాన్ని అద్దితే చాలు. అయితే అద్దే ముందు ఒక్క క్షణం ఆగి చూడండి. పిండినల్లి మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది, తాకినా పెద్దగా కదలదు. అదే తెల్లటి కుచ్చులతో సెంటీమీటరు దాకా పొడవుండి, తాకగానే చకచకా నడిస్తే అది పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల. శత్రువేషంలో ఉన్న మిత్రుడు. తెలియక దాన్ని చంపేవాళ్ళే ఎక్కువ.

పిండినల్లి ఉన్న చోట చీమల బారు ఉంటుంది. అది కార్చే తియ్యటి బంక కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగును తరిమేస్తాయి. కుండీలు పెట్టిన బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడితే చీమ ఎక్కదు. బల్ల పిట్టగోడకు తగిలితే మాత్రం ఈ శ్రమంతా వృథా. గిన్నెల్లో నీళ్ళు వారానికి రెండుసార్లు మార్చి, లోపలి అంచు రుద్ది కడగండి, లేకుంటే దోమలు పెరుగుతాయి.

నీళ్ళు సరిగ్గా పోస్తున్నా మొక్క వాడుతుంటే వేరు పిండినల్లిని అనుమానించాలి. కుండీ బోర్లించి మట్టిగడ్డను బయటికి తీస్తే వేళ్ళ మీద, కుండీ లోపలి గోడ మీద సున్నం రాసినట్టు తెలుపు ఉంటుంది. మేలు చేసే బూజు కూడా తెల్లగానే ఉంటుంది కనుక భూతద్దంతో కాళ్ళున్నాయా అని చూడాలి. పురుగే అయితే పాత మట్టి మొత్తం దులిపి, వేళ్ళు నీళ్ళలో కడిగి, కొత్త మట్టిలో నాటండి. కుండీని వేడినీళ్ళతో కడగండి. జనవరి చివర, చిగురు కదలకముందు ఈ పని చేస్తే మొక్క సులువుగా కోలుకుంటుంది.

వానాకాలంలో నత్తలు రాత్రిపూట చిగుళ్ళు కొరుకుతాయి. టార్చి వేసి ఏరడమే సరైన పద్ధతి.

మన అడవుల్లో దొరికే నెమలినార చెట్టు కూడా ఎల్మ్ కుటుంబానిదే. వేసవిలో రూపాయి బిళ్ళ లాంటి పలుచటి రెక్కల గింజలు గాలికి ఎగురుతాయి. ఏరిన వెంటనే నాటితే మొలుస్తాయి. బోన్సాయ్‌గా ఎల్మ్ కంటే మొండిది, మన ఎండకు అలవాటు పడ్డది. చలికాలం చివర ఆకంతా రాల్చుతుంది. కొమ్మలకు అంటుకున్న పొలుసు పురుగు గోధుమరంగు బొడిపెల్లా బాగా కనిపించేది ఆకులు లేని ఆ రోజుల్లోనే. పాత టూత్‌బ్రష్‌ను సబ్బు నీళ్ళలో ముంచి, లేత బెరడు లేవకుండా కింది నుంచి పైకి మెల్లగా రుద్దండి.