నీళ్లు కాదన్నా, స్పిరిట్టు: ఈ20 వెనక వందేళ్ల తగువు

కర్నూలులో నంద్యాల చెక్‌పోస్టు దగ్గర ఒక మెకానిక్ షెడ్డు. పాత బండాయన ఒకరు సీసా ఎత్తి చూపిస్తున్నాడు. 100 మిల్లీలీటర్ల పెట్రోల్లో 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి ఊపాడు. అడుగున పది తేరాలి కదా, 30 దాకా తేరింది. "చూడన్నా, బంకులోనే నీళ్లు కలిపినారు. మైలేజీ యాడొస్తాది?" మెకానిక్ తల కూడా ఎత్తలేదు. "నీళ్లు కాదన్నా, స్పిరిట్టు."

మెకానిక్ మాటే నిజం. ఆ స్పిరిట్టే ఇథనాల్, అంటే ఆల్కహాల్. నూటికి ఇరవై పాళ్లు అది కలిపిన పెట్రోలే ఈ20. ఇథనాల్‌కు పెట్రోలు కన్నా నీళ్లతోనే చుట్టరికం ఎక్కువ. నీళ్లు తగలగానే పెట్రోలును వదిలేసి వాటితో కలిసి కిందికి దిగుతుంది. పోసిన పది, ఈ20లో ఉండే ఇరవై, రెండూ కలిస్తే ముప్పై.

పెట్రోలులో ఆల్కహాల్ కలపాలన్న ఆలోచన మనది కాదు, ఇప్పటిదీ కాదు. సిలిండర్లో పెట్రోలు స్పార్కు మంట తన దాకా రాకముందే ఒత్తిడికి దానంతటదే అంటుకుంటే ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది. 1920ల్లో అమెరికా కార్లకు ఇదే పెద్ద రోగం. ఆల్కహాల్ కలిపితే తగ్గుతుందని అప్పటికే తెలుసు. కానీ ఎవరైనా కాచుకోగలిగిన సరుకు మీద పేటెంటు దొరకదు. 1921లో జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్జ్‌లీ ఆ కొట్టుకోవడాన్ని ఆపే టెట్రాఇథైల్ లెడ్ అనే సీసం మందు పట్టుకున్నాడు. సీసం మాటే ఎత్తకుండా 'ఈథైల్' అన్న పేరుతో అమ్మారు. 1924లో న్యూజెర్సీలో దాన్ని తయారుచేసే చోట అయిదుగురు కార్మికులు మతి చలించి చనిపోయినా వ్యాపారం కొన్నాళ్లే ఆగింది. మన దేశంలో సీసం పెట్రోలు పూర్తిగా పోయింది 2000లో. అంటే దశాబ్దాల పాటు పీల్చాం.

ఓడిపోయిన ఆల్కహాల్ 2003లో మళ్లీ వచ్చింది. అయిదు శాతం కలపమన్న తొలి తొమ్మిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2022లో పది శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో ఈ20 బంకుల్లోకి దిగింది, 2030 నాటి లక్ష్యం 2025కే ముందుకు జరిగింది. చక్కెర మిల్లులకు, మొక్కజొన్న రైతులకు గిరాకీ, డాలర్ల ఆదా: ఈ లెక్కలన్నీ సరైనవే. బండి నడిపేవాడి లెక్క మాత్రం ఎవరూ ముందుగా విప్పి చెప్పలేదన్నది నా ఫిర్యాదు.

ఆ లెక్క ఇది. ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ముందే ఉంటుంది, అంటే సగం కాలిన కట్టెలాంటిది. లీటరుకు ఇచ్చే వేడి పెట్రోలులో మూడింట రెండు వంతులే. ఆ లెక్కన ఈ20లో శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. ఆక్టేన్, అంటే ఒత్తిడికి ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం, పెరుగుతుంది గనక ఎక్కువ కంప్రెషన్‌తో (ఒత్తిడితో) కట్టిన ఇంజన్ కొంత రాబట్టుకుంటుంది. పాత ఇంజన్‌కు ఆ అవకాశం లేదు. పైగా కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి 13.5 చాలు. 2020 తర్వాతి బీఎస్6 (కాలుష్య ప్రమాణం) బండ్లలో చాలావాటికి సెన్సారుంది, చూసి సర్దుకుంటాయి. పాత బండి కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్ ఇత్తడి ముక్క, దాని రంధ్రం మారదు. ఇంధనం చాలక, గాలి ఎక్కువై బండి ఈడుస్తుంది.

మెకానిక్ ఆ జెట్ విప్పి, ఒక నంబరు పెద్దది బిగించాడు. కిక్ కొడితే ఈడ్చడం తగ్గింది. "మైలేజీ?" అనడిగాడు బండాయన.

"అది రాదన్నా."