ఊరూరా తిరిగిన అవుట్‌ఫీల్డర్ మేనేజర్ అయితే: అపోహలు - వాస్తవాలు

బేస్‌బాల్‌లో ‘జర్నీమ్యాన్’ అంటే ఏ జట్టులోనూ పాతుకుపోకుండా, పిలిచినచోటికల్లా పెట్టె సర్దుకుని వెళ్లే ఆటగాడు. అలాంటివాళ్లు మేనేజర్లయ్యాక వాళ్ల గురించి వినిపించే మాటల్లో సగం తప్పులే. ఇక్కడ ఎక్కువగా ఒకప్పటి అవుట్‌ఫీల్డర్ (మైదానం దూరపు భాగంలో బంతిని పట్టే ఆటగాడు), లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ మేనేజర్ డేవ్ రాబర్ట్స్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాం.

అపోహ: మేనేజరంటే క్రికెట్ జట్టు మేనేజర్‌లా హోటళ్లు, బస్సులు చూసుకునే మనిషి.

కాదు. క్రికెట్‌లో కెప్టెన్, కోచ్ చేసే పనులు రెండూ ఇక్కడ ఒక్కడి నెత్తినే ఉంటాయి. బ్యాటింగ్ వరుస రాసేది, పిచర్‌ని (బంతి విసిరేవాణ్ని) మార్చేది, రన్నర్‌కు (బేస్ అనే మజిలీకి చేరి నిలబడ్డ ఆటగాడికి) సైగ పంపేది ఆయనే. ఆటగాళ్లలాగే యూనిఫాం కూడా వేసుకుంటాడు. అయితే జట్టులోకి ఎవర్ని కొనాలి, ఎవర్ని అమ్మాలి అన్నది ఆయన చేతిలో ఉండదు, అది ఫ్రంట్ ఆఫీస్ (జట్టు యాజమాన్య కార్యాలయం) పని.

అపోహ: ఇన్ని జట్లు మారాడంటే ఆట రానట్టే.

రాబర్ట్స్‌ను 1994 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) డెట్రాయిట్ 28వ రౌండ్‌లో తీసుకుంది. మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడింది మాత్రం 1999లో, క్లీవ్‌ల్యాండ్‌కి, 27 ఏళ్ల వయసులో. తర్వాత డాడ్జర్స్, బోస్టన్, శాన్ డియేగో, శాన్ ఫ్రాన్సిస్కో. మొత్తం 832 మ్యాచ్‌లు, 243 స్టీల్స్ (పిచర్ బంతి వేసేలోపు రన్నర్ పరుగెత్తి తర్వాతి బేస్‌ని దొంగిలించడం), 23 హోమ్ రన్లు (బంతిని మైదానం అవతలికి కొట్టడం) మాత్రమే.

జట్లు మారడం చాలావరకు ఆటగాడి ఇష్టంతో జరిగేది కాదు. ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప ట్రేడ్‌కి (మరో జట్టుకు మార్పిడికి) అతని అనుమతి అక్కర్లేదు. (పదేళ్ల సర్వీసులో చివరి ఐదేళ్లు ఒకే జట్టుకు ఆడినవాడికి ఆ హక్కు వస్తుంది, కానీ జర్నీమ్యాన్‌కి అది అందని ద్రాక్షే.) మరో ముడి ‘ఆప్షన్లు’. 40 మంది జాబితాలో ఉన్న ఆటగాణ్ని మామూలుగా మూడు సీజన్ల వరకే మైనర్ లీగ్‌కి (దిగువ స్థాయి పోటీలకి) కిందికీ పైకీ తిప్పొచ్చు. ఆ తర్వాత కిందికి పంపాలంటే ముందు వేవర్స్‌లో పెట్టాలి, అంటే మిగతా జట్లలో ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. అందుకే ఆప్షన్లు అయిపోయిన నాలుగో అవుట్‌ఫీల్డర్ (ముగ్గురి తర్వాత రిజర్వ్) సీజన్ మొదలయ్యే మార్చి నెలాఖరున ఏ ఊళ్లో ఉంటాడో అతనికే తెలియదు.

అపోహ: 2004లో రాబర్ట్స్ చేసిన స్టీల్ గుడ్డి ధైర్యం, అదృష్టం.

ఇది కాస్త వివరంగా చెప్పుకోవాలి. 2004 అక్టోబర్ 17, ఫెన్‌వే పార్క్. యాంకీస్‌తో ఏడు మ్యాచ్‌ల ప్లేఆఫ్ సిరీస్‌లో బోస్టన్ 0-3తో వెనకబడింది, ఇంకొకటి ఓడితే ఇంటికే. నాలుగో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్కోరు 4-3 యాంకీస్‌కి. బోస్టన్ బ్యాటర్ కెవిన్ మిల్లర్ వాక్ తీసుకున్నాడు (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా మొదటి బేస్), అతని బదులు పరుగెత్తే పించ్ రన్నర్‌గా రాబర్ట్స్ దిగాడు. పిచర్ మరియానో రివేరా, క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) హోర్హే పొసాడా.

స్టీల్ అంటే స్టాప్‌వాచ్ లెక్క. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. రన్నర్ ముందే 12 అడుగుల దాకా జరిగి నిలబడితే మిగిలిన దూరం దాటడానికి మంచి వేగగాడికి సుమారు 3.3 - 3.4 సెకన్లు పడుతుంది. పిచర్ కదలిక మొదలైనప్పటి నుంచి బంతి క్యాచర్ గ్లవ్‌లో పడేదాకా 1.3, క్యాచర్ చేతి నుంచి రెండో బేస్‌కి చేరడానికి దాదాపు 2.0. ట్యాగ్ వెయ్యడానికి (బంతితో రన్నర్‌ని తాకి అవుట్ చెయ్యడానికి) మరో క్షణం. అంటే ఇరుపక్షాలకూ తేడా కంటి రెప్పపాటు. పిచర్ 1.2లో వేసేస్తే కదలకూడదు, 1.4 దాటితే పండగే. ఇంత సన్నని లెక్కలో గెలవాలంటే అడుగు ముందుకు వెయ్యాల్సిన క్షణం తెలియాలి. అది పిచర్ మడమ, ముందు భుజం, బంతి పట్టుకుని ఎంతసేపు ఆగుతున్నాడన్నది చూసి నేర్చుకునే విద్య. ఆ ఏడాది రాబర్ట్స్ 41 సార్లు ప్రయత్నించి 38 సార్లు నెగ్గాడు. దీన్ని అదృష్టమనడం అన్యాయం.

బేస్ వదిలి ముందుకు జరిగిన రాబర్ట్స్‌ని అవుట్ చెయ్యాలని రివేరా మొదటి బేస్‌కి మూడుసార్లు బంతి విసిరాడు. చాలామంది రన్నర్లు అక్కడ జంకుతారు. నిజానికి ఆ త్రోలతోనే చల్లబడ్డ కాళ్లు వేడెక్కుతాయి, పిచర్ లయ కూడా పట్టుబడుతుంది. బ్యాటర్‌కి వేసిన మొదటి పిచ్‌కే (బంతికే) రాబర్ట్స్ పరుగెత్తాడు, సేఫ్. బిల్ మ్యూలర్ సింగిల్‌తో రాబర్ట్స్ పరుగు పూర్తయి స్కోరు 4-4. పన్నెండో ఇన్నింగ్స్‌లో బోస్టన్ బ్యాటర్ డేవిడ్ ఓర్టిజ్ హోమ్ రన్, బోస్టన్ 6-4. ఆపైన సిరీసే తిరగబడింది.

ఇదే ఆట ఇప్పుడైతే? 2023 నుంచి ఒక బ్యాటర్ ఉన్నంతసేపు రెండు త్రోలే స్వేచ్ఛ. మూడోది విసిరి అవుట్ చెయ్యలేకపోతే బాక్ (పిచర్ తప్పు, రన్నర్‌కి ఒక బేస్ ఉచితం). రాబర్ట్స్ పరుగెత్తకుండానే రెండో బేస్ చేరేవాడన్నమాట!

ఆ పోస్ట్‌సీజన్ అంతటిలో రాబర్ట్స్ ఒక్కసారి కూడా బ్యాటింగ్‌కి రాలేదు, ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో అసలు దిగనేలేదు. అతన్ని సరైన నిమిషానికి వాడిన బోస్టన్ మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా కూడా మోకాళ్ల గాయాలతో ఐదు జట్లు తిరిగిన అవుట్‌ఫీల్డర్, ఫస్ట్ బేస్‌మ్యానే.

అపోహ: మేనేజర్ కావాలంటే క్యాచర్ అయి ఉండాలి.

క్యాచర్లు ఎక్కువే, కాదనలేం. కానీ యాంకీస్‌కి ఏడు వరల్డ్ సిరీస్‌లు తెచ్చిన కేసీ స్టెంగెల్ ఐదు జట్లు మారిన అవుట్‌ఫీల్డరే. 2008లో ఫిలడెల్ఫియాను గెలిపించిన చార్లీ మాన్యుయల్ మేజర్ లీగ్‌లో ఆడింది 242 మ్యాచ్‌లు, పేరొచ్చింది జపాన్‌లో.

అపోహ: ఆట మానగానే మేనేజర్ కుర్చీ.

ఫ్రాంకోనా మైనర్ లీగ్‌ల నుంచి మొదలుపెట్టాడు. 1994లో బర్మింగ్‌హామ్‌లో అతని కింద ఆడినవాళ్లలో బాస్కెట్‌బాల్ స్టార్ మైకేల్ జోర్డన్ కూడా ఉన్నాడు. రాబర్ట్స్ 2010లో క్యాన్సర్ నుంచి బయటపడి, శాన్ డియేగోలో ఫస్ట్ బేస్ కోచ్‌గా, తర్వాత బెంచ్ కోచ్‌గా (మేనేజర్ కుడిభుజంగా) మొత్తం ఐదేళ్లు చేశాడు. ఫస్ట్ బేస్ కోచ్ చేతిలో ఉండేది ఆ స్టాప్‌వాచే. 2015లో తాత్కాలిక మేనేజర్‌గా ఒక్క మ్యాచ్ నడిపి ఓడిపోయాడు. ఆ శీతాకాలమే డాడ్జర్స్ పిలిచింది.

అపోహ: పర్ఫెక్ట్ గేమ్ వేస్తున్న పిచర్‌ని తీసేస్తే పిరికితనం.

పర్ఫెక్ట్ గేమ్ అంటే ప్రత్యర్థుల్లో ఒక్కణ్నీ బేస్ చేరనివ్వకుండా మ్యాచ్ మొత్తం వెయ్యడం. అది సాగుతుండగా పిచర్‌ని తీసేసే పని రాబర్ట్స్ రెండుసార్లు చేశాడు. 2016లో మయామీలో రిచ్ హిల్, 7 ఇన్నింగ్స్, 89 పిచ్‌లు: వేలి మీద బొబ్బల బెడద అప్పటికే అతన్ని వారాలపాటు కూర్చోబెట్టింది. 2022 ఏప్రిల్‌లో మినియాపొలిస్‌లో క్లేటన్ కెర్షా, 7 ఇన్నింగ్స్, 80 పిచ్‌లు, 13 స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్ అవుట్): ముందు సీజన్ మోచేతి గాయంతో ముగిసింది, యజమానులు ఆటగాళ్లను ఆపేసిన లాకౌట్ వల్ల వసంత శిక్షణ కుదించుకుపోయింది, పైగా చలి. చూసేవాళ్లకి కడుపుమంటే. కానీ ఏప్రిల్‌లో మోచెయ్యి పోతే అక్టోబర్‌లో ఎవరు వేస్తారు?

తప్పులు చెయ్యలేదని కాదు. 2019 ప్లేఆఫ్స్‌లో వాషింగ్టన్‌తో ఐదో మ్యాచ్. ఏడో ఇన్నింగ్స్ ముగించిన కెర్షానే ఎనిమిదికీ ఉంచాడు. వరుసగా రెండు పిచ్‌లకు రెండు హోమ్ రన్లు, 3-1 కాస్తా 3-3. పదో ఇన్నింగ్స్‌లో వాషింగ్టన్ గ్రాండ్ స్లామ్‌తో (మూడు బేస్‌లూ నిండి ఉండగా హోమ్ రన్) డాడ్జర్స్ సీజన్ ముగిసింది. బుల్‌పెన్‌లో (రిజర్వ్ పిచర్లు వేడెక్కే చోట) చేతులు సిద్ధంగా ఉండగా పేరున్న చేతినే నమ్ముకోవడం అక్కడ జరిగిన పొరపాటు.

అపోహ: మేనేజర్ పైవాడు కాబట్టి జీతమూ అందరికన్నా ఎక్కువే.

2020, 2024లో వరల్డ్ సిరీస్ గెలిచాక, 2025 మార్చిలో రాబర్ట్స్‌కి నాలుగేళ్ల ఒప్పందం దక్కింది: ఏడాదికి సగటున 81 లక్షల డాలర్లు, సగటు లెక్కన అప్పటికి మేనేజర్లలో రికార్డు. ఆయన బ్యాటింగ్ వరుసలో పేరు రాసే షోహే ఒటానీది పదేళ్లకు 70 కోట్ల డాలర్లు.